ఎండకు, వేడికి ఏ ప్లాస్టిక్ కొనాలి? గోదావరి డెల్టా రైతుకు పైపు, బరకం, వల, లైనర్ల పోలిక

దాళ్వా కోతలు అయ్యాక మా తోటలో బోరు పైపు లైను మార్చాల్సి వచ్చింది. మేస్త్రి వచ్చి ఎండు కొబ్బరి కమ్మలు నాలుగు విరిచి మంట పెట్టాడు. పీవీసీ పైపు చివరను మంట మీద తిప్పుతూ మెత్తబరిచి, అందులోకి ఇంకో పైపు ముక్క దూర్చి సాకెట్ చేయడం మన ఊళ్లలో అందరూ చూసిన పనే. ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది. మంట ఒక పక్కకు ఒరిగింది. బూడిద రంగు పైపు అంచు అరచెయ్యంత మేర గోధుమ రంగుకు తిరిగింది. ముక్కుకు ఘాటు కొట్టింది.

"ఆ ముక్క కోసెయ్ తమ్ముడూ" అన్నాను.

"పర్లేదండి, రంగే కదా మారింది. సొల్యూషన్ రాస్తే అదే అతుక్కుంటుంది" అన్నాడు.

అయినా కోయించాను. ఆ రంగు వెనక పైపులో ఏం జరిగిందో నాకు తెలుసు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి చాలా ఏళ్లు ఒక పైపుల ఫ్యాక్టరీ లాబ్‌లో పనిచేశాను. ఇప్పుడు కోనసీమలో కొబ్బరితోట చూసుకుంటున్నాను. పైపు కొనాలన్నా, బరకం (టార్పాలిన్) కొనాలన్నా, రొయ్యల చెరువు అడుగున పరిచే లైనర్ షీటు వేయాలన్నా చుట్టుపక్కలవాళ్లు వచ్చి "ఏది మంచిదండి?" అని అడుగుతారు. షాపులో మందం, ధర, గ్యారంటీ చెబుతారు. నేను వాటితోపాటు ఇంకో సంగతి చూస్తాను. ఆ ప్లాస్టిక్ వేడెక్కినప్పుడు అందులో పుట్టే ఒంటరి ఎలక్ట్రాన్ చివరికి ఎక్కడ చేరుతుంది? అది తెలిస్తే ఎంపిక సగం తేలిపోతుంది. కాబట్టి ముందు దాని గురించే చెబుతాను.

ఒంటరి ఎలక్ట్రాన్ కథ

పీవీసీ అంటే పొడవైన కార్బన్ గొలుసు. ఒక కార్బన్ విడిచి ఒక కార్బన్‌కు క్లోరిన్ తగులుకుని ఉంటుంది. వేడి హద్దు దాటితే ఆ క్లోరిన్ పక్క కార్బన్ మీది హైడ్రోజన్‌ను వెంటబెట్టుకుని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరిగా బయటికి పోతుంది. ఆ రోజు మా ముక్కులకు తగిలిన ఘాటులో అది ఉంది. అది పోయిన చోట రెండు కార్బన్ల మధ్య డబుల్ బాండ్ పడుతుంది. ఒకటి పడితే దాని పక్కనున్న క్లోరిన్ ఇంకా తేలిగ్గా ఊడుతుంది. అలా జిప్పు లాగినట్టు వరసగా ఊడిపోతాయి. ఆరేడు డబుల్ బాండ్లు వరసగా చేరితే లేత పసుపు కనిపిస్తుంది. వరస పొడవయ్యేకొద్దీ నారింజ, గోధుమ, చివరికి నలుపు వస్తాయి.

ఆ పొడవాటి వరసల్లో కొన్నిచోట్ల జత లేని ఎలక్ట్రాన్ ఒకటి మిగిలిపోతుంది. దీన్నే ఫ్రీ రాడికల్ అంటాం. తెలుగు మీడియంలో చదివినవాళ్లు స్వేచ్ఛా ప్రాతిపదిక అని చదువుకుని ఉంటారు. మామూలు ఫ్రీ రాడికల్‌కు ఆయుష్షు చాలా తక్కువ. కనిపించిన ఆక్సిజన్‌నో, పక్క గొలుసులోని హైడ్రోజన్‌నో పట్టుకుని కనురెప్ప పాటులో మారిపోతుంది. డబుల్ బాండ్ల వరస మీద పుట్టినది మాత్రం అలా కాదు. ఆ ఎలక్ట్రాన్ ఒక్క కార్బన్‌కు అంటుకుని ఉండకుండా వరస మొత్తం మీద పరుచుకుంటుంది. ఏ ఒక్క చోటా పూర్తిగా లేదు కాబట్టి దానికి తొందర తగ్గుతుంది. గాలి లేకుండా సీలు చేసిన గాజు గొట్టంలో పీవీసీ పొడిని వేడి చేసి, జత లేని ఎలక్ట్రాన్లను పసిగట్టే ఈఎస్ఆర్ యంత్రంలో పెడితే ఈ ఎలక్ట్రాన్ల సంకేతం కనిపిస్తుంది. చల్లారాక కూడా ఆ సంకేతం నిలిచి ఉంటుంది. వేడికి పుట్టి వేడి పోయినా పోని ఇలాంటివాటిని స్థిరమైన ఫ్రీ రాడికల్స్ అంటారు.

కార్బన్ మీద ఒంటరి ఎలక్ట్రాన్ అలా నిలిచి ఉండగలదని 1900లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో మోజెస్ గాంబర్గ్ చూపించాడు. ట్రైఫినైల్‌మిథైల్ అనే పదార్థంతో చూపించాడు. అంతకుముందు చాలామంది రసాయన శాస్త్రవేత్తలు అది జరగని పని అనుకునేవారు. అలాంటి ఎలక్ట్రాన్లను అయస్కాంతం మధ్య పెట్టి పసిగట్టే ఈఎస్ఆర్ పద్ధతిని 1944లో కజాన్‌లో యెవ్‌గెనీ జవోయిస్కీ కనిపెట్టాడు.

మన అవసరానికి ఇందులో గుర్తుపెట్టుకోవాల్సింది ఇంతే. ఎండకో వేడికో ప్లాస్టిక్‌లో పుట్టిన ఒంటరి ఎలక్ట్రాన్‌కు మూడు దారులున్నాయి. మొదటి దారిలో అది ఆక్సిజన్‌కు చిక్కుతుంది. అప్పుడు పెరాక్సైడ్లు తయారై, అవి మళ్లీ వేడికి రెండుగా చీలి, ఒక రాడికల్ నుంచి ఇంకొన్ని పుట్టి గొలుసులు తెగుతాయి. బరకం పెళుసెక్కి పొడి రాలేది ఇందువల్లే. రెండో దారిలో, తయారీలోనే కలిపిన ఒక రక్షక పదార్థం ఆ ఎలక్ట్రాన్‌ను తన దగ్గర కూర్చోబెట్టుకుంటుంది. తాను స్థిరమైన రాడికల్‌గా మారి గొలుసును కాపాడుతుంది. మూడో దారి మంటలో కాలినప్పటిది. అప్పుడు ఆ ఎలక్ట్రాన్ మసిలో, బూడిదలో స్థిరపడి గాలిలోకి లేస్తుంది. కొనేటప్పుడు రెండో దారి ఉన్న సరుకు చూసుకోవాలి, పారేసేటప్పుడు మూడో దారి పట్టనివ్వకూడదు.

సాకెట్ మంట మీద చేయాలా, కప్లర్ కొనాలా?

నా ఓటు కప్లర్‌కే, అంటే రెండు పైపులను కలపడానికి షాపులో రెడీగా దొరికే ముక్కకే. లేకపోతే ఫ్యాక్టరీలోనే సాకెట్ చేసి వచ్చిన పైపులు కొనండి. ఫ్యాక్టరీలో వేడి అంతటా సమానంగా, లెక్క ప్రకారం తగులుతుంది. కమ్మల మంట దగ్గర లెక్క ఉండదు. పీవీసీ 80 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది. మంట నాలుక దానికి ఎన్నో రెట్లు వేడిగా ఉంటుంది. లోపలి గోడ ఇంకా మెత్తబడకముందే బయటి గోడ మాడుతుంది.

మేస్త్రులు ఈ పని కావాలని చెడగొట్టడం లేదు. వాళ్లు నేర్చుకున్న పద్ధతి అది, కప్లర్ ఖర్చు మనకు మిగల్చాలని కూడా చూస్తారు. కానీ పైపులో కలిపే స్టెబిలైజర్ పరిమితంగా ఉంటుంది. ఊడిన ఆమ్లాన్ని పట్టుకుని జిప్పు ముందుకు సాగకుండా ఆపడం దాని పని. మాడిన చోట అదంతా ఖర్చయిపోతుంది. ఆ తర్వాత సొల్యూషన్ అతుకు బాగానే కనిపిస్తుంది. మోటారు ఆన్ చేసినప్పుడల్లా ఒత్తిడి దెబ్బ తగులుతుంటే కొన్నాళ్లకు ఆ అంచు దగ్గరే చీలిక వస్తుంది.

చిన్న సైజు పైపును వంచక తప్పదు అనుకుంటే మంట వద్దు. పైపులో వేడి ఇసుక నింపి వంచవచ్చు, సలసల కాగే నీళ్లలో ముంచి కూడా వంచవచ్చు. మరిగే నీరు 100 డిగ్రీలు దాటదు కాబట్టి పైపు మెత్తబడుతుందే కానీ మాడదు. ఇసుక మాత్రం మితంగానే కాచాలి. ఎలా చేసినా గోధుమ రంగు కనిపిస్తే ఆ మేరకు కోసేయండి.

మోటారు నుంచి చేనుకు: పీవీసీనా, నల్ల హెచ్‌డీపీఈనా?

మన తీర గ్రామాల్లో ఉప్పు నీటికి ఇనుప పైపు ఎంత తొందరగా తుప్పు పడుతుందో అందరికీ తెలుసు కాబట్టి దాన్ని పక్కన పెడదాం.

లైను భూమిలో పాతేటట్టయితే పీవీసీ హాయిగా సరిపోతుంది. ఎండ తగలదు, వేడి పెద్దగా ఎక్కదు, ఎలక్ట్రాన్లను కదిపేది ఏదీ ఉండదు. అతుకులు తేలిక, ఊళ్లో ప్రతి మేస్త్రికీ పని వచ్చు. పైపు మీద ఐఎస్ 4985 అని ఉందేమో చూడండి. దాని మీద రాసిన ఒత్తిడి లెక్క 27 డిగ్రీల నీటికి వేసింది. వేడెక్కేకొద్దీ అది తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో పడి ఉన్న పైపుకు షాపువాడు చెప్పిన ఒత్తిడి అలాగే ఉంటుందని అనుకోవద్దు. తాగునీటి లైను అయితే సీసం లేని పైపు అని అడిగి తీసుకోండి. ఒకప్పుడు పీవీసీకి సీసం లవణాలనే స్టెబిలైజర్‌గా వాడేవారు. 2021లో కేంద్ర ప్రభుత్వం పీవీసీ పైపుల్లో సీసం స్టెబిలైజర్ల మీద ప్రత్యేకంగా నియమాలు తెచ్చింది. కాల్షియం, జింకు కలిసిన స్టెబిలైజర్లు అదే పని చేస్తాయి.

లైను గట్టు మీదే పడి ఉండి, సార్వాకు ఒక చోటికీ దాళ్వాకు ఇంకో చోటికీ మారుస్తుంటే నల్ల హెచ్‌డీపీఈ, అంటే గట్టి రకం పాలిథిన్ పైపు తీసుకోండి. ధర ఎక్కువైనా ఇక్కడ అదే నయం. దీనికి కారణం ఆ నలుపే. పైపులో రెండు నుంచి మూడు శాతం దాకా కార్బన్ బ్లాక్ కలుపుతారు. కార్బన్ బ్లాక్ అంటే ఫ్యాక్టరీలో నియంత్రణతో తయారుచేసిన సన్నని మసి. అది ఎండలోని అతినీలలోహిత కిరణాలను గొలుసు దాకా పోనివ్వకుండా మింగుతుంది. దాని కణాల మీద కూడా జత లేని ఎలక్ట్రాన్లు స్థిరంగా ఉంటాయి. గొలుసు మీద పుట్టిన రాడికల్ అక్కడికి చేరితే రెండూ జతకట్టి శాంతిస్తాయి. ప్లాస్టిక్‌ను కాపాడేది కూడా స్థిరమైన రాడికలే అని లాబ్‌లో మొదటిసారి తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

హెచ్‌డీపీఈకి ఇబ్బందులూ ఉన్నాయి. నల్లగా ఉంటుంది కాబట్టి నీరు పారనప్పుడు ఎండలో చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, ఆ వేడికి పైపు సాగి వంకర్లు పోతుంది. అతుకు పెట్టాలంటే హాట్ ప్లేట్ కావాలి. 200 డిగ్రీలు పైబడిన ఆ ప్లేటును అవసరానికి మించి పట్టి ఉంచితే అతుకు దగ్గర రక్షక పదార్థం అక్కడే ఖర్చయిపోతుంది. చేయి తిరిగిన మనిషి దొరకకపోతే క్లాంపు కప్లర్లు వాడుకోండి.

వేడినీళ్లకు సీపీవీసీ, పీపీఆర్‌లలో ఏది?

దీని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. మేడ మీద సోలార్ హీటర్‌కు మామూలు పీవీసీ అస్సలు వద్దు. ఐఎస్ 15778 గుర్తున్న సీపీవీసీ 80 డిగ్రీల నీటికీ తట్టుకుంటుంది. పీవీసీలో 57 శాతం దాకా ఉండే క్లోరిన్‌ను దీంట్లో 67 శాతం దగ్గరికి పెంచుతారు. గొలుసు బిగుసుకుని మెత్తబడే వేడి పైకి జరుగుతుంది. పీపీఆర్ కూడా వేడికి మంచిదే, దాని గుర్తు ఐఎస్ 15801. కానీ అది పాలిప్రొపిలీన్ జాతి. ఆ గొలుసులో ఒక కార్బన్ విడిచి ఒక కార్బన్ మీద వదులుగా పట్టుకుని ఉన్న హైడ్రోజన్ ఒకటి ఉంటుంది. ఆక్సిజన్‌కు అది సులువుగా చిక్కుతుంది కాబట్టి పీపీఆర్ ఎండలో బయట ఉండకూడదు. గోడలో దాచేటట్టయితే పీపీఆర్, బయట కనిపించే లైనుకు నీటితో కలిపే పెయింట్ వేసిన సీపీవీసీ. కిరోసిన్, టర్పెంటైన్ లాంటివి కలిసిన రంగులు సీపీవీసీకి తగలనివ్వద్దు.

బరకాలూ నీడ వలలూ

డబ్బు ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే. పైపు ఒకసారి కొంటే ఏళ్లపాటు ఉంటుంది. బరకాలు మాత్రం ప్రతి రెండేళ్లకూ కొనే ఇళ్లున్నాయి.

బరకం అల్లే పట్టీలు సన్నగా ఉంటాయి. సన్నగా ఉన్నవాటికి ఎండ, ఆక్సిజన్ రెండూ లోపలి దాకా తగులుతాయి. మందపాటి పైపులో పైపొర దెబ్బతిన్నా లోపలి భాగం బలాన్ని మోస్తుంది. బరకానికి లోపలి భాగం అంటూ ఉండదు. కాబట్టి రక్షక పదార్థం ఎంత వేశారు, ఏది వేశారు అన్నదాని మీదే దాని ఆయుష్షు ఆధారపడి ఉంటుంది. అది కంటికి కనబడదు. రెండు నీలం బరకాలు పక్కపక్కన పెడితే ఏది ఎన్నాళ్లుంటుందో ఎవరూ చెప్పలేరు.

నాకు తగిలిన దెబ్బ చెబుతాను. ఫ్యాక్టరీ మానేసి వచ్చిన కొత్తలో ఒక సంతలో తక్కువ ధరకు రెండు నీలం బరకాలు కొన్నాను. ఈ పని తెలిసినవాణ్ణే అయినా ఆ రోజు ధర చూశాను తప్ప ఇంకేమీ అడగలేదు. మొదటి ఏడాది బాగానే ఉన్నాయి. రెండో దాళ్వాకి ధాన్యం ఆరబోసి, సాయంత్రం మబ్బు పడితే నలుగురం నాలుగు కొసలు పట్టి లాగాం. మడత దగ్గర పర్రున చిరిగింది. చిరిగితే చిరిగింది, పోనీ అనుకోవచ్చు. కానీ మడతల్లోంచి నీలం పొట్టు రాలి ధాన్యంలో కలిసింది. చేటలతో ఎంత చెరిగినా పూర్తిగా పోలేదు. ఆ గింజలే మిల్లుకు వెళ్లాయి. అది తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకే ఇలా ఎంచుకోమంటాను. ఆరబోయడానికీ, బస్తాల మీద కప్పడానికీ ఏడాది పొడవునా ఎండలో ఉండేదైతే నల్లది తీసుకోండి, లేదా ఒక వైపైనా నల్లగా ఉన్నది తీసుకోండి. వేడెక్కుతుంది అన్న మాట నిజమే, కానీ ఎక్కువ కాలం మన్నుతుంది. వాన వచ్చినప్పుడు మాత్రమే తీసి, పని కాగానే మడిచి లోపల పెట్టేదైతే రంగుది చాలు. పాలిప్రొపిలీన్ అల్లిక కన్నా హెచ్‌డీపీఈ అల్లిక మంచిది. కారణం ఇందాక చెప్పిన ఆ వదులు హైడ్రోజనే. మందం ఎక్కువున్నది అన్నిటికన్నా మంచిదని అనుకోవద్దు. రక్షణ లేని మందపాటి బరకం కన్నా రక్షణ ఉన్న మధ్యరకం బరకమే ఎక్కువ కాలం ఉంటుంది. ఐఎస్ 7903 గుర్తు ఉందేమో చూడండి. "యూవీ స్టెబిలైజ్డ్" అని నోటితో చెబితే సరిపోదు, బిల్లు మీద రాయించుకోండి.

ఇక కడియం, కడియపులంక నర్సరీల్లో కనిపించే వలలు. అక్కడ ఆకుపచ్చ వలలు ఎక్కువ, నల్లవి కూడా ఉన్నాయి. నల్ల వలను కాపాడేది కార్బన్ బ్లాక్. ఆకుపచ్చ వలలో, పాలిహౌస్ మీద వేసే తెల్లటి పారదర్శక ఫిల్ముల్లో కార్బన్ బ్లాక్ వేయడం కుదరదు. వాటిలో హాల్స్ అనే పదార్థాలు వాడతారు. ఇవి పనిచేసే తీరు చాలా బాగుంటుంది. ఎండ, ఆక్సిజన్ తగిలినప్పుడు హాల్స్ అణువు నైట్రాక్సిల్ అనే స్థిరమైన రాడికల్‌గా మారుతుంది. నైట్రోజన్, ఆక్సిజన్‌ల మధ్య ఒంటరి ఎలక్ట్రాన్‌ను పంచుకుని నిబ్బరంగా ఉంటుంది. ప్లాస్టిక్ గొలుసు మీద పుట్టిన రాడికల్‌ను పట్టి అక్కడితో ఆపుతుంది. తర్వాత ఇంకో రాడికల్‌తో చర్య జరిగి మళ్లీ నైట్రాక్సిల్‌గా మారి పనిలోకి వస్తుంది. ఒక్క అణువు ఎన్నోసార్లు కాపలా కాస్తుంది. ఫినాల్ జాతి యాంటీఆక్సిడెంట్లు (ఆక్సిజన్ దెబ్బను ఆపడానికి కలిపే రక్షక పదార్థాలు) అలా కాదు, పట్టుకున్నంత పట్టుకుని ఖర్చయిపోతాయి.

హాల్స్‌కు ఒక బలహీనత ఉంది. అది క్షారం లాంటిది. గంధకం, క్లోరిన్ ఉన్న మందులు, వాటి నుంచి వచ్చే ఆమ్లాలు దాన్ని పనికి రాకుండా చేస్తాయి. గులాబీలకు బూడిద తెగులు వస్తే గంధకం చల్లే నర్సరీల్లో ఈ సంగతి ముఖ్యం. గంధకం తరచుగా వాడే చోట నల్ల వల వేయండి. మొక్కకు వెలుతురు కావాలి, నలుపు కుదరదు అనుకుంటే ఫిల్మ్ అమ్మేవాళ్లకు మీరు వాడే మందుల పేర్లు ముందే చెప్పి, వాటికి తట్టుకునే రకం ఇవ్వమనండి. గంధకం వాడతానని చెబితే గ్యారంటీ ఎంతకు తగ్గిస్తారో కూడా అప్పుడే అడగండి.

చెరువు లైనర్ కొంటే ఓఐటీ అడగండి

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చాలా చెరువులు మట్టివే. నర్సరీ చెరువులకూ, పిల్లలను చిక్కగా వదిలే చెరువులకూ లైనర్ వేసేవాళ్లున్నారు. వాళ్లకు నల్ల హెచ్‌డీపీఈ, పీవీసీ షీట్ల మధ్య అనుమానం వస్తుంది. పీవీసీ షీటు మెత్తగా ఉండటానికి కలిపిన నూనెలాంటి ప్లాస్టిసైజర్ కాలక్రమేణా బయటికి పోయి షీటు బిరుసెక్కుతుంది. గట్టు మీద ఎండ తగిలే భాగం ముందు పోతుంది. నేనైతే హెచ్‌డీపీఈనే వేస్తాను.

హెచ్‌డీపీఈలోనూ మంచిచెడ్డలు కనిపెట్టడానికి ఒక పరీక్ష ఉంది. మా లాబ్‌లో నేను ఎక్కువగా చేసింది అదే. చిన్న ముక్కను 200 డిగ్రీల దగ్గర ఉంచి ఆక్సిజన్ వదులుతాం. యాంటీఆక్సిడెంట్ ఉన్నంతసేపూ యంత్రం గీసే గ్రాఫులో గీత అడ్డంగా సాగుతుంది. అది అయిపోయిన క్షణంలో రాడికల్ గొలుసు చర్య మొదలై వేడి పుడుతుంది, గీత పైకి లేస్తుంది. అప్పటిదాకా పట్టిన నిమిషాలనే ఓఐటీ (ఆక్సిడేషన్ ఇండక్షన్ టైమ్) అంటారు. నీటి పాలిథిన్ పైపులకు ఐఎస్ఓ 4427 ప్రమాణం కనీసం 20 నిమిషాలు అడుగుతుంది. హెచ్‌డీపీఈ లైనర్లకు ప్రపంచమంతా చూసే జీఆర్ఐ జీఎం13 ప్రమాణం కనీసం 100 నిమిషాలు అడుగుతుంది. లైనర్ అమ్మేవాళ్లను ఈ రిపోర్టు అడగండి. మంచి కంపెనీ దగ్గర అది సిద్ధంగా ఉంటుంది. తడబడితే ఇంకో షాపు చూసుకోండి.

చెరువు శుద్ధికి బ్లీచింగ్ వేస్తాం కదా, ఆ క్లోరిన్ కూడా యాంటీఆక్సిడెంట్‌ను తినేస్తుంది. బ్లీచింగ్ పొడిని లైనర్ మీద కుప్పగా పోయకండి. నీళ్లలో కలిపి చల్లండి.

వర్జినా, రీసైకిలా?

రీసైకిల్ ప్లాస్టిక్ అంటే నాకు చులకన లేదు. బకెట్లు, కుర్చీలు, మొక్కల కుండీలు, నర్సరీ సంచులు దాంతో చేస్తే నిశ్చింతగా కొనండి. కానీ ఒత్తిడి మోసే పైపు, ఏళ్ల తరబడి ఎండలో ఉండే బరకం, లైనర్ మాత్రం వర్జిన్ మెటీరియల్‌తో, అంటే ఇదివరకు వాడని కొత్త ప్లాస్టిక్‌తో చేసినవే తీసుకోండి. పాత ప్లాస్టిక్ కరిగించిన ప్రతిసారీ కొంత యాంటీఆక్సిడెంట్ ఖర్చయి ఉంటుంది. పెరాక్సైడ్లు, ఆక్సిజన్ చేరిన తునకలు గొలుసులో మిగిలి ఉంటాయి. అవి కొత్త రాడికల్స్‌కు విత్తనాల్లా పనిచేస్తాయి. మళ్లీ రక్షక పదార్థం తగినంత కలిపితే చాలావరకు కోలుకుంటుంది, కానీ చవక సరుకులో దాన్ని కలపరు. నల్ల రంగు వేసి రీసైకిల్ సరుకును కప్పిపుచ్చే మోసం కూడా ఉంది కాబట్టి నలుపు ఒక్కటే చూసి నమ్మకండి. పైపు కోసిన చోట లోపల గరుకుగా, బుడగలుగా ఉంటే, వాసన మాడినట్టు ఉంటే వదిలేయండి.

పాడైపోయాక: కాల్చడమా, అమ్మడమా?

ఇక్కడ నాకు రెండో అభిప్రాయం లేదు. కాల్చకండి.

ప్లాస్టిక్, చెత్త కాలినప్పుడు ఫినాల్, కాటెకాల్ లాంటి రసాయనాలు పుడతాయి. అవి మంట నుంచి పైకి లేచి చల్లబడుతూ, 400 నుంచి 150 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు రాగి, ఇనుము ఆక్సైడ్లున్న బూడిద కణాల మీద అతుక్కుంటాయి. ఎలక్ట్రాన్ ఒకటి లోహం వైపు జరిగి, కణం మీద స్థిరమైన రాడికల్ మిగులుతుంది. అమెరికాలో లూసియానా స్టేట్ యూనివర్సిటీలో బారీ డెలింజర్ బృందం వీటిని లోతుగా పరిశోధించింది. ఇవి గాలిలో రోజుల తరబడి, కొన్ని ఇంకా ఎక్కువ కాలం ఉంటాయి. అంత సన్నని కణాలు ఊపిరితిత్తుల లోపలి దాకా పోతాయి. అక్కడి తడిలో ఆక్సిజన్‌తో కలిసి హైడ్రాక్సిల్ రాడికల్‌ను పుట్టిస్తాయి. కణజాలాన్ని అంతగా దెబ్బతీసేది ఇంకోటి లేదనవచ్చు. సాయంత్రం గట్టు మీద చిరిగిన బరకం, మందు డబ్బాలు కాల్చి ఇంటికి పోయి పడుకుంటే పొగ పోయిందనుకుంటాం. పక్క పాకలో పడుకున్న పిల్లవాడి ఊపిరిలోకి ఆ కణాలు చేరుతూనే ఉంటాయి. చెత్తను ఆరుబయట కాల్చడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో దేశమంతటా నిషేధించి, మామూలుగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్దఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు జరిమానా అని చెప్పింది.

మోటారు వైరు కాల్చి రాగి తీయడం ఇంకా చెడ్డది. పీవీసీ తొడుగులో క్లోరిన్ ఉంది, లోపల రాగి ఉంది, పొగ చల్లబడేటప్పుడు సరైన వేడి ఉంటుంది. డయాక్సిన్లు అనే విషాలు తయారవడానికి కావాల్సినవన్నీ ఒకే చోట చేరినట్టే. వైరును కత్తితోనో, స్ట్రిప్పర్‌తోనో చీల్చి రాగి తీయండి. కాలిన రాగి కన్నా చీల్చి తీసిన రాగి శుభ్రంగా ఉంటుంది. పిల్లల చేత ఆ మంట పెట్టించే పాత సామాన్ల వ్యాపారులు మీ ఊళ్లో ఉంటే దయచేసి ఆపించండి.

స్థిరమైన రాడికల్ పేరు వింటేనే భయపడిపోవాల్సిన పని కూడా లేదు. కోనసీమలో కొబ్బరి చిప్పలతో చేసే బొగ్గునే చూడండి. చిప్పలోని లిగ్నిన్, సెల్యులోజ్ కూడా పాలిమర్లే. గాలి తక్కువగా ఇచ్చి 500, 600 డిగ్రీల దగ్గర కాలిస్తే ఆ బొగ్గులో గ్రాముకు కోట్ల కోట్ల ఒంటరి ఎలక్ట్రాన్లు మిగులుతాయి, ఏళ్లపాటు అలాగే ఉంటాయి. అవి గట్టి కార్బన్ లోపల బందీలు. అదే బొగ్గును యాక్టివేటెడ్ కార్బన్‌గా మార్చి నీళ్ల ఫిల్టర్‌లో వాడుతున్నాం. బొగ్గు చేసేటప్పుడు లేచే పొగకు మాత్రం దూరంగా ఉండాలి.

పాతవి అమ్మేముందు వేరుచేస్తే రేటు బాగా వస్తుంది. దానికి బకెట్టు నీళ్లు చాలు. చిన్న ముక్క కోసి నీళ్లలో ముంచి వదలండి. హెచ్‌డీపీఈ, పాలిప్రొపిలీన్ నీటి కన్నా తేలిక, చాలావరకు పైకి తేలతాయి. పీవీసీ నీటికి 1.4 రెట్లు బరువు కాబట్టి అడుగుకు పోతుంది. తేలిన వాటిలో పీవీసీ ఒక్క ముక్క కలిసినా, మళ్లీ కరిగించే చోట ముందు అదే మాడి ఆమ్లం వదిలి మొత్తం సరుకును పాడుచేస్తుంది. అందుకే పాత సామాన్ల షాపుల్లో రెండూ కలిసిన బస్తాకు రేటు కోస్తారు.

ఆ రోజు మేస్త్రి కోసిన గోధుమ రంగు ముక్కను ఆరిపోతున్న కమ్మల మంటలోకి విసరబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపి, ఇదే పరీక్ష చేసి చూపించాను. ముక్క బకెట్టు అడుగున కూర్చుంది. తీసి పీవీసీ బస్తాలో వేశాడు. తర్వాత జీపెక్కి రావులపాలెం వెళ్లి రెండు కప్లర్లు తెచ్చాం.